కారు ఎలక్ట్రానిక్ లోపాన్ని ఆసిలోస్కోప్‌తో పట్టుకోవడం: ఏది ముందు పడిపోయింది?

వేడెక్కాక ఇంజన్ ఆగిపోతుంది. బానెట్ ఎత్తి అరగంట చల్లారనిస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంది. స్కానర్ పెడితే పి0335 అని కోడ్ వస్తుంది, అంటే క్రాంక్ సెన్సర్ (ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ తిరుగుడును ఈసీఎంకు చెప్పేది) సర్క్యూట్‌లో లోపం. ఈసీఎం అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్. సెన్సర్ మారుస్తారు. నాలుగు రోజులకు కారు మళ్లీ షెడ్డుకు వస్తుంది. ఈసారి ఫ్యూయల్ పంపు, ఆ తర్వాత ఈసీఎం మీద అనుమానం. చివరికి తేలేదేమిటంటే సెన్సర్‌కు సప్లై ఇచ్చే రిలే కాళ్ల దగ్గర లూజు. అప్పటికి ఓనర్ వేలల్లో ఖర్చు పెట్టి ఉంటాడు, పాడవని సామాను పాత ఇనుములోకి పోయి ఉంటుంది.

ఇక్కడ కోడ్ చెప్పింది నిజమే, ఈసీఎంకు క్రాంక్ సిగ్నల్ అందలేదు. ఎందుకు అందలేదో మాత్రం కోడ్‌కు తెలియదు. సెన్సర్ పోయిందా, సప్లై పోయిందా, ఎర్త్ వదిలిందా, వైరును ఎలుక కొరికిందా అన్నది మనం తేల్చుకోవాలి. మల్టీమీటర్‌తో అది కుదరదు, ఎందుకంటే అది సెకనుకు రెండు మూడు సార్లు మాత్రమే అంకె మారుస్తుంది. కొన్ని మిల్లీసెకండ్ల పాటు పోయి వచ్చిన వోల్టేజీ దానికి కనబడదు. ఆసిలోస్కోప్ అయితే వోల్టేజీ ఎలా మారుతోందో క్షణక్షణం గీసి చూపిస్తుంది. రెండు మూడు వైర్లను ఒకే తెరపై పెట్టి చూస్తే వాటిలో ఏది ముందు పడిపోయిందో తెలుస్తుంది. ఈ గైడులో ప్రతి పరీక్షా ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే.

ఏ స్కోప్ కొనాలి

చాలామంది ముందు బ్యాండ్‌విడ్త్, అంటే స్కోప్ ఎంత వేగమైన సిగ్నల్‌ను సరిగా గీయగలదో, చూస్తారు. కారు పనికి 20 మెగాహెర్ట్జ్ బాగా సరిపోతుంది. కారులో మనం సాధారణంగా చూసే వేగమైన సిగ్నల్ క్యాన్ బస్సు (కారులోని కంప్యూటర్లు, అంటే మాడ్యూళ్లు, మాట్లాడుకునే రెండు వైర్లు), అది కూడా ఎక్కువ కార్లలో సెకనుకు 5 లక్షల బిట్లే. 100 మెగాహెర్ట్జ్ మీద పెట్టే డబ్బు నాలుగు ఛానెళ్ల మీద, లోతైన మెమరీ మీద పెట్టండి.

మెమరీ ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చూద్దాం. ఆగిపోయే ఇంజన్‌ను పట్టుకోవాలంటే తెరపై కనీసం 10 సెకండ్లు పట్టాలి. స్కోప్ మెమరీ 4,000 పాయింట్లే అయితే సెకనుకు 400 పాయింట్లు వస్తాయి. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, పళ్ల చక్రం నుంచి వచ్చే క్రాంక్ సిగ్నల్ సెకనుకు దాదాపు 800 సార్లు కొట్టుకుంటుంది. 400 పాయింట్లతో దాన్ని గీస్తే తెరపై కనిపించేది అసలు సిగ్నలే కాదు, పళ్లు లేనిచోట పళ్లు, ఉన్నచోట ఖాళీలు కనబడతాయి. అది చూసి మంచి సెన్సర్‌ను పారేస్తారు. అదే 10 లక్షల పాయింట్ల మెమరీ ఉంటే సెకనుకు లక్ష పాయింట్లు వస్తాయి, సమస్య ఉండదు.

పికోస్కోప్ లాంటి కార్ల కోసమే చేసిన స్కోపులు, సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్ సెట్టింగులతో సహా, సౌకర్యంగా ఉంటాయి కానీ ఖరీదు. హాన్‌టెక్, ఓవాన్ లాంటివి తక్కువలో వస్తాయి. మామూలు బెంచి స్కోపుతోనూ ఈ పని అవుతుంది. దేన్ని కొన్నా 10ఎక్స్ ప్రోబులు (వోల్టేజీని పదో వంతుకు తగ్గించి స్కోప్‌కు ఇచ్చేవి), కప్లర్ (వైర్ల కనెక్టర్) వెనుక నుంచి దూర్చే సన్నటి బ్యాక్‌ప్రోబ్ పిన్నులు తప్పనిసరి. కొంచెం కూడబెట్టుకుని, వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే క్లాంపులు కొనండి. 20 నుంచి 60 ఆంపియర్ల చిన్నది ఒకటి, 600 ఆంపియర్ల పెద్దది ఒకటి.

తగిలించే ముందు

స్కోప్ ఛానెళ్లన్నిటి ఎర్త్ క్లిప్పులు చాలా స్కోపుల్లో లోపల ఒకదానికొకటి కలిసే ఉంటాయి. ఒక క్లిప్పును బాడీకి, ఇంకోదాన్ని పొరపాటున పాజిటివ్ వైరుకు పెడితే స్కోప్ గుండానే షార్ట్ అవుతుంది. అందుకే ఎర్త్ క్లిప్పు ఎప్పుడూ బ్యాటరీ నెగటివ్‌కే పెట్టండి. యూఎస్‌బీ స్కోప్ వాడేటప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడపండి. ఛార్జర్ దారిలో వచ్చే నాయిస్ కూడా తగ్గుతుంది.

ప్రోబ్ మీదున్న స్విచ్, స్కోప్‌లోని సెట్టింగ్ రెండూ ఒకే గుణకంలో ఉన్నాయో లేదో చూడండి. ప్రోబ్ 10ఎక్స్‌లో, స్కోప్ 1ఎక్స్‌లో ఉంటే 12 వోల్టులు 1.2గా కనబడతాయి. స్కోప్ ముందున్న 1 కిలోహెర్ట్జ్ టెర్మినల్‌కు ప్రోబ్ తగిలించి, చతురస్రం మూలలు నిటారుగా వచ్చేదాకా ప్రోబ్ స్క్రూ తిప్పండి.

పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిలో ప్రోబ్ పెట్టకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు ప్రాణాంతకమైన వోల్టేజీవి. దానికి ప్రత్యేక శిక్షణ, ప్రత్యేక ప్రోబులు కావాలి, ఈ గైడు వాటికి పనికిరాదు. రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్ ఆపాక కూడా తనంతట తాను తిరగొచ్చు కాబట్టి వైర్లను దానికి దూరంగా కట్టండి.

వైరు తొడుగును గుచ్చి కొలవడం మన దగ్గర బాగా అలవాటు. దయచేసి మానండి. ఆ చిన్న రంధ్రంలోంచి వానాకాలంలో నీళ్లు దిగి, ఏడాది తిరిగేసరికి రాగి పచ్చబడి తెగిపోతుంది. కప్లర్ వెనుక నుంచి, రబ్బరు సీలు పక్కగా పిన్ను దూర్చండి.

మొదట బ్యాటరీ, డైనమో, ఎర్త్

కోడ్ ఏదైనా సరే ఇక్కడ మొదలుపెట్టండి. ఛానెల్ ఏ బ్యాటరీ మీద పెట్టి, డివిజన్‌కు (తెర మీద ఒక గడికి) 2 వోల్టులు, 200 మిల్లీసెకండ్లు సెట్ చేసి సెల్ఫ్ కొట్టండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర మొదలై, సెల్ఫ్ మోటార్ కదిలే క్షణంలో ఒక్కసారిగా కిందికి పడి, తర్వాత అలలుగా పైకి వస్తుంది. అలలు ఒక్కో సిలిండర్ కంప్రెషన్‌వి. ఇంజన్ తిరుగుతున్నంతసేపు 9.6 కంటే కిందికి దిగితే ముందు బ్యాటరీ, టెర్మినళ్లు, సెల్ఫ్ మోటార్ సంగతి చూడండి. చాలా ఈసీఎంలు వోల్టేజీ బాగా పడిపోతే రీసెట్ అవుతాయి. అప్పుడు వచ్చే కోడ్‌ల జాబితా చూసి కారు మొత్తం పాడైందనుకుని టెన్షన్ పడతాం.

తర్వాత ఇంజన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, హెడ్‌లైట్లు, ఏసీ వేసి, స్కోప్‌ను ఏసీ కప్లింగ్‌కు (స్థిరమైన వోల్టేజీని తీసేసి హెచ్చుతగ్గులను మాత్రమే చూపే సెట్టింగు) మార్చండి. డైనమో రిపుల్, అంటే దాని వోల్టేజీలోని హెచ్చుతగ్గులు, చిన్న చిన్న గుట్టలుగా, ఒకే ఎత్తులో కనబడాలి. పైనుంచి కిందికి అర వోల్టు లోపు ఉంటే సాధారణంగా ఫర్వాలేదు. క్రమం తప్పకుండా ఒక లోతైన గుంట కనిపిస్తోందంటే డయోడ్ పోయింది. మీటర్‌లో 14 వోల్టులు చూపిస్తూనే ఇది జరుగుతుంది. ఈ రిపుల్ సెన్సర్ల సిగ్నళ్లలోకి దూరి వింత కోడ్‌లు పుట్టిస్తుంది.

ఎర్త్ కోసం ప్రోబ్ మొనను ఇంజన్ బ్లాక్ మీద, క్లిప్పును బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. ఇంజన్ నడుస్తూ, లోడ్లన్నీ వేసినప్పుడు 0.1 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ స్ట్రాప్ విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించండి. ఈ పని ఎన్నో సెన్సర్లను కాపాడుతుంది.

క్రాంక్ సెన్సర్

రెండు రకాలున్నాయి. రెండు వైర్లుంటే చాలావరకు ఇండక్టివ్, మూడు వైర్లుంటే సాధారణంగా హాల్. కొన్ని ఇండక్టివ్ సెన్సర్లకు షీల్డ్ కోసం మూడో వైరు ఉంటుంది కాబట్టి వైరింగ్ డయాగ్రం చూసి నిర్ధారించుకోండి.

ఇండక్టివ్ సెన్సర్ తనే వోల్టేజీ పుట్టిస్తుంది. గీత సున్నాకు పైకీ కిందికీ సమానంగా ఊగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. చాలా కార్లలో సెన్సర్ ఎదుట తిరిగే చక్రానికి 60 పళ్ల స్థానాలుండి, అందులో 2 పళ్లు కావాలనే తీసేసి ఉంటాయి. ఈసీఎం ఆ ఖాళీని బట్టి క్రాంక్ ఎక్కడుందో గుర్తిస్తుంది. ఈ చక్రంతో ఒక సౌకర్యం ఉంది: పంటి ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లలో ఎంతో, ఇంజన్ ఆర్‌పీఎం కూడా అంతే. 800 హెర్ట్జ్ అంటే 800 ఆర్‌పీఎం. ఆ వేగంలో ఒక చుట్టుకు 75 మిల్లీసెకండ్లు పడుతుంది కాబట్టి డివిజన్‌కు 10 మిల్లీసెకండ్లు పెడితే చుట్టు మొత్తం తెరపై పడుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్ 200 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది, అప్పుడు 50 మిల్లీసెకండ్లు పెట్టండి.

ఏం చూడాలి? పళ్ల ఎత్తులు సమానంగా ఉన్నాయా, ఖాళీ ప్రతి చుట్టులో ఒకేచోట వస్తోందా అన్నది. ఒకే ఒక్క పన్ను ప్రతిసారీ పొట్టిగా ఉంటే చక్రం పన్ను దెబ్బతింది. ఎత్తు చుట్టు పొడుగునా నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటే చక్రం వంకర తిరుగుతోంది. అన్ని పళ్లూ పొట్టిగా ఉంటే సెన్సర్‌కూ చక్రానికీ మధ్య దూరం పెరిగి ఉండవచ్చు, లేదా సెన్సర్ మొనకు ఇనుప రజను పట్టి ఉండవచ్చు. తీసి తుడిచి మళ్లీ చూడండి. సెన్సర్ వేడెక్కాక ఎత్తు తగ్గుతూ చివరికి మాయమైతే లోపలి కాయిల్ వేడికి విడిపోతోంది. క్లచ్ పని తర్వాత స్టార్టింగ్ ట్రబుల్ మొదలైన కారులో వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. ఖాళీ దగ్గర గీత ఎటువైపు మొదలవుతుందో మంచి కారుతో పోలిస్తే దొరికిపోతుంది.

హాల్ సెన్సర్ చతురస్రాలు గీస్తుంది. సాధారణంగా సున్నాకూ 5 వోల్టులకూ మధ్య, కొన్ని కార్లలో 12కూ మధ్య. వేగం పెరిగినా ఎత్తు మారదు. చతురస్రం అడుగు సున్నాకు దగ్గరగా కూర్చోవాలి. అది వోల్టు దాకా లేచి ఉంటే సెన్సర్ ఎర్త్‌లో రెసిస్టెన్స్ ఉంది. పై అంచు 5కు బదులు 3.5 దగ్గరే ఆగితే సిగ్నల్ వైరు ఎక్కడో కరెంటు కారుస్తోంది. కప్లర్ పీకి ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు హార్నెస్ (వైర్ల కట్ట) వైపు సిగ్నల్ పిన్ను మీద ఈసీఎం పంపే 5 వోల్టులు కనబడాలి. అవి కనబడకపోతే సెన్సర్ మార్చినా ప్రయోజనం ఉండదు, వైరు వెంట ఈసీఎం దాకా నడవండి.

ఆగిపోయే క్షణం

మొదట చెప్పిన కారు దగ్గరకు వద్దాం. సెన్సర్ మూడు వైర్ల హాల్ రకమనుకుందాం. నాలుగు ఛానెళ్లనూ ఇలా పంచండి. ఏ మీద క్రాంక్ సిగ్నల్, బీ మీద సెన్సర్ సప్లై, సీ మీద ఒక ఇంజెక్టర్ కంట్రోల్ వైరు, డీ మీద ఫ్యూయల్ పంపు ఫ్యూజు దగ్గర చిన్న కరెంటు క్లాంపు. ఇంజెక్టర్ వైరుకు తప్పకుండా 10ఎక్స్ ప్రోబ్ వాడండి, కారణం కింద చెబుతాను. డివిజన్‌కు ఒక సెకండ్, ట్రిగర్ (ఫలానా వోల్టేజీ దగ్గర గీత మొదలుపెట్టే సెట్టింగు) లేకుండా రోల్ మోడ్, అంటే గీత ఆగకుండా జరుగుతూ ఉండేది. వైర్లను వేడికి, బెల్టుకు తగలకుండా కట్టి ఇంజన్ నడపండి. ఆగిన వెంటనే స్టాప్ నొక్కండి.

ఇప్పుడు జూమ్ చేసి చివరి సెకండ్ చదవండి.

క్రాంక్ పళ్లు క్రమంగా దూరం జరుగుతూ, అంటే వేగం తగ్గుతూ, చివరికి ఆగిపోయాయంటే సెన్సర్ తప్పేమీ లేదు. అది ఇంజన్ ఆగడాన్ని ఉన్నదున్నట్టు చూపించింది. ఇంధనమో స్పార్కో ముందే పోయింది. పంపు కరెంటు అంతకు ముందే సున్నాకు పడి ఉంటే దొంగ దొరికినట్టే.

పళ్లు పూర్తి వేగంలో వస్తూ వస్తూ హఠాత్తుగా మాయమై, ఆ తర్వాతే ఇంజెక్టర్ పల్సులు ఆగిపోయాయంటే కథ వేరు. ఇంజన్ తిరుగుతూనే ఉంది, సిగ్నల్ మాత్రం పోయింది. వెంటనే బీ ఛానెల్ చూడండి. సప్లై నిటారుగా నిలబడి ఉంటే అనుమానం సెన్సర్ మీద, దాని ఎర్త్ మీద, సిగ్నల్ వైరు మీద. సప్లై ముందు పడి, తర్వాత సిగ్నల్ పడి ఉంటే సెన్సర్‌ను వదిలేసి రిలే, ఫ్యూజు కాళ్లు, మధ్యలోని కప్లర్లు చూడండి. సప్లై 5 వోల్టులదైతే ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. చాలా కార్లలో ఒకే 5 వోల్టుల లైను రెండు మూడు సెన్సర్లకు వెళ్తుంది. ఏసీ ప్రెషర్ సెన్సర్ షార్టయినా క్రాంక్ సెన్సర్ ఆగిపోవచ్చు. కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ 5 వోల్టులు ఎప్పుడు తిరిగి వస్తాయో చూడండి.

షెడ్డులో ఆగని కారును ఎండలో రోడ్డు మీద తిప్పాల్సి వస్తుంది. అప్పుడు తప్పనిసరిగా ఇద్దరు వెళ్లండి, నడిపే మనిషి తెర వైపు చూడకూడదు. తిప్పేందుకు వీలు లేకపోతే హీట్ గన్‌తో సెన్సర్‌ను దూరం నుంచి కాస్త వేడి చేయండి, హార్నెస్‌ను చేత్తో మెల్లగా కదపండి, రిలే మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఏది చేసినప్పుడు గీత చెదిరిందో అక్కడే వెతకండి.

రెండు ఛానెళ్ల స్కోపే ఉంటే సిగ్నల్, సప్లై జంటతో మొదలుపెట్టండి.

ఇంజెక్టర్, కాయిల్

మామూలు పెట్రోల్ పోర్ట్ ఇంజెక్టర్‌కు ఒకవైపు 12 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, ఈసీఎం రెండోవైపును ఎర్త్‌కు లాగి తెరుస్తుంది. కంట్రోల్ వైరు మీద గీత 12 దగ్గర ఉండి, సున్నాకు పడి, ఐడిల్‌లో సుమారు 2 నుంచి 4 మిల్లీసెకండ్లు అక్కడ ఉండి, వదిలిన క్షణంలో 60 నుంచి 80 వోల్టుల దాకా ఎగురుతుంది. 10ఎక్స్ ప్రోబ్ అందుకే. కిందికి దిగే గీతలో ఒక చిన్న మూపు కనబడితే అది ఇంజెక్టర్ సూది మూసుకున్న గుర్తు. నాలుగింటినీ పోల్చండి. ఒకదాని ఎగురుడు మాత్రం పొట్టిగా ఉంటే దాని కాయిల్ చుట్లలో షార్ట్ ఉంది. గీత 12 దగ్గరే కదలకుండా ఉంటే ఈసీఎం లాగడం లేదు, లేదా మధ్యలో వైరు తెగింది. మొదటి నుంచీ సున్నానే ఉంటే సప్లై రావడం లేదు, లేదా కాయిల్ తెగింది.

డీజిల్ కామన్ రైల్ ఇంజెక్టర్ల దగ్గర జాగ్రత్త. సోలెనాయిడ్ రకాలనే ఈసీఎం 60 వోల్టులకు పైగా బూస్ట్‌తో తెరుస్తుంది, పియెజో రకాల్లో 100 దాటుతుంది. రెండు వైర్లనూ ఈసీఎమ్మే నడుపుతుంది కాబట్టి దేనికీ ఎర్త్ క్లిప్పు పెట్టకూడదు. ఒక వైరు చుట్టూ కరెంటు క్లాంపు పెట్టి చూడటమే మంచిది.

ఇగ్నిషన్ కాయిల్ విషయంలోనూ నా సలహా క్లాంపే. ప్రైమరీ వైరు మీద 300 నుంచి 400 వోల్టుల ఎగురుడు వస్తుంది, అటెన్యుయేటర్ (వోల్టేజీ తగ్గించే పరికరం) లేకుండా నేరుగా పెడితే స్కోప్ పోతుంది. కాయిల్ సప్లై వైరు చుట్టూ క్లాంపు పెడితే కరెంటు ఏటవాలుగా 2 నుంచి 4 మిల్లీసెకండ్లలో 6 నుంచి 10 ఆంపియర్ల దాకా ఎక్కి, ఒక్కసారిగా పడుతుంది. ఏటవాలుకు బదులు మొదట్లోనే నిటారుగా లేచిందంటే కాయిల్ లోపల షార్ట్. మిస్సింగ్ కొడుతున్న సిలిండర్‌లో కరెంటు గీత మిగతా వాటిలాగే ఉంటే ప్లగ్, బూట్ (ప్లగ్ మీది రబ్బరు తొడుగు), ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి.

కంప్రెషన్ తేడాను కూడా ప్లగ్ విప్పకుండా చూడవచ్చు. ఇంధనం ఆపేసి, 600 ఆంపియర్ల క్లాంపును బ్యాటరీ కేబుల్ చుట్టూ పెట్టి కొన్ని సెకండ్లు సెల్ఫ్ కొట్టండి. కరెంటు శిఖరాలు సమానంగా ఉండాలి. ఒకటి ప్రతిసారీ పొట్టిగా ఉంటే ఆ సిలిండర్ బలహీనం. రెండో ఛానెల్‌లో ఒక కాయిల్ కమాండ్ పెడితే అది ఏ సిలిండరో ఫైరింగ్ ఆర్డర్‌తో (సిలిండర్లు మండే వరుసతో) లెక్కగట్టవచ్చు.

క్యాన్ బస్సు

మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడటం లేదని యు0100 లాంటి కోడ్‌లు వస్తే స్టీరింగ్ కింద, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ దగ్గర మొదలుపెట్టండి. 6వ పిన్ను క్యాన్ హై, 14వ పిన్ను క్యాన్ లో, 4వది బాడీ ఎర్త్. ముందు బ్యాటరీ తీసి 6కూ 14కూ మధ్య ఓములు కొలవండి. బస్సు రెండు చివరలా 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ కలిశాయి.

బ్యాటరీ పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, రెండు ఛానెళ్లూ డివిజన్‌కు 1 వోల్టు, 20 మైక్రోసెకండ్లు, ట్రిగర్ 3 వోల్టుల దగ్గర పెట్టండి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రెండూ 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. మాట్లాడేటప్పుడు హై 3.5కు, లో 1.5కు ఒకేసారి, అద్దంలో బొమ్మలా వెళ్లాలి. 500 కేబీపీఎస్ (సెకనుకు 5 లక్షల బిట్ల) బస్సులో ఒక బిట్ 2 మైక్రోసెకండ్లు. ప్రతి సందేశం చివర్లో ఒక బిట్ మిగతా వాటికన్నా ఎత్తుగా కనిపిస్తుంది. అది లోపం కాదు, ఆ బిట్‌ను వినే మాడ్యూళ్లన్నీ కలిసి లాగుతాయి.

రెండు గీతలూ 2.5 దగ్గర అతుక్కుని కదలకపోతే, మాడ్యూళ్లు మేలుకునే ఉన్నాయని తేలాక, హై, లో కలిశాయని అనుమానించండి. హై సున్నాకు అంటుకుపోతే అది ఎర్త్‌కు తగిలింది. రెండూ 12 వైపు లేస్తే ఏదో వైరు పాజిటివ్‌కు తగిలింది. చతురస్రాల మూలలు గుండ్రంగా మారి, కిందికి దిగడానికి తాత్సారం చేస్తుంటే చివరి రెసిస్టర్, లేదా కప్లర్‌లో పచ్చ తుప్పు.

తప్పు ఏ మాడ్యూల్‌దో పట్టుకోవడానికి తెర మీద కన్ను ఉంచి మాడ్యూళ్లను ఒక్కొక్కటే విప్పండి, విప్పే ముందు ప్రతిసారీ ఇగ్నిషన్ ఆపండి. ఏది తీసినప్పుడు గీతలు మామూలయ్యాయో అదో, దాని కొమ్మ వైరో దోషి. వరద నీళ్లలో నిలిచిన కార్లలో సీట్ల కింద, కాళ్ల దగ్గర కార్పెట్ కింద ఉన్న కప్లర్లతో మొదలుపెట్టండి. కొన్ని కార్లలో ఓబీడీ సాకెట్ గేట్‌వే (బస్సుల మధ్య సందేశాలు దాటించే మాడ్యూల్) వెనుక ఉంటుంది. అక్కడ అంతా బాగున్నా లోపలి బస్సు చెడి ఉండవచ్చు, అప్పుడు గేట్‌వే కప్లర్ దగ్గరే చూడాలి.

రిపేర్ తర్వాత

అదే పిన్నుల మీద, అదే సెట్టింగులతో, ఇంజన్ అంతే వేడెక్కాక మళ్లీ పట్టండి. పాత గీతనూ కొత్త గీతనూ పక్కపక్కన పెట్టి ఓనర్‌కు చూపించండి. తను దేనికి డబ్బు కడుతున్నాడో కళ్లతో చూసే హక్కు ఆయనకుంది. తర్వాతే కోడ్ చెరిపి, కారు ఏ పరిస్థితిలో ఆగేదో ఆ పరిస్థితిలోనే తిప్పిరండి. బాగున్న గీతను మోడల్, సంవత్సరం, ఇంజన్ రకం, కొలిచిన పిన్ను, ఆర్‌పీఎం, వోల్ట్ డివిజన్, టైం డివిజన్ పేర్లతో సేవ్ చేయండి. సర్వీసుకు వచ్చిన మంచి కార్ల నుంచి కూడా క్రాంక్, క్యామ్, ఇంజెక్టర్ గీతలు తీసి పెట్టుకోండి. అదే మోడల్ రేపు తాడు కట్టుకుని వచ్చినప్పుడు పోల్చి చూసుకోవడానికి అవే కావాలి.